ఉపసంహారము

గుంటూరు నుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గమున, కురిచేడు దాటిన పిదప, మార్కాపురమునకు ముందుగా దొనకొండ వచ్చును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, జపాను విమానములు 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు విడిచి తెలుగుతీరమును కలవరపెట్టిన ఆ యుద్ధమున, బ్రిటిషు ప్రభుత్వము ఈ ఊరిచెంత విమానములు దిగుటకు మైదానము నొకదానిని సిద్ధపరచుకొన్నది. యుద్ధము ముగిసినది, దొరలు వెడలిపోయిరి, మైదానము మిగిలినది. ఎనిమిది దశాబ్దముల అనంతరము ఆ ఊరి పేరు మరల యుద్ధసన్నాహముతో ముడివడినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025లో ప్రకటించిన వైమానిక, రక్షణ పరిశ్రమల విధానము జగ్గయ్యపేట–దొనకొండ ప్రాంతమును క్షిపణులకును మందుగుండు సామగ్రికిని నెలవుగా నిర్ణయించినది. హైదరాబాదులో 1970లో పుట్టిన భారత్ డైనమిక్స్ సంస్థ, క్షిపణులకు వలయు చోదక ఇంధనమును తయారుచేయు కర్మాగారమును ఇచ్చట నెలకొల్పవలెనని సంకల్పించినది.

ఈ వార్త వెలువడిన నాటినుండి మా ప్రాంతమున ఎవరు కలిసినను, ఉద్యోగములెన్ని వచ్చుననియు, స్థానికులకు అందులో పాలెంతయనియు, ఎకరము ధర ఎంతకు పోవుననియు అడుగుచున్నారు. ఆ ప్రశ్నలను చిన్నచూపు చూచుటకు నాకు మనసొప్పదు. వాన ముఖము చాటువేసిన ఏండ్లను, ఫ్లోరైడు నీటివలన వంగిపోయిన నడుములను, మార్కాపురము పలకలకు గిరాకి తగ్గిన పిమ్మట బేల్దారి పనులకై హైదరాబాదునకును బెంగుళూరునకును తరలిపోయిన కుటుంబములను చూచినవాడెవడును ఆ ప్రశ్నలను తేలికగా తీసికొనజాలడు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టుకై నల్లమల కడుపున పద్దెనిమిది కిలోమీటర్లకు పైబడిన సొరంగములు త్రవ్వబడినను, మా పొలములు ఆ కృష్ణాజలములకై ఎదురుచూచుచునే యున్నవి. అట్టిచోటికి పనిని తెచ్చు కర్మాగారము వరమే. ఐనను, వరమిచ్చువాడు మన చేతులతో దేనిని చేయించుకొనుచున్నాడో విచారించుట కూడ వరము కోరువాని ధర్మమే కావున, ఆ ప్రశ్నల సరసన మరియొక ప్రశ్నను ఉంచదలచినాను: ఈ అస్త్రములు దేనిని ఆధారముగా చేసికొని మనలను కాపాడుచున్నవి?

అణ్వస్త్రమునకును తక్కిన ఆయుధములకును గల భేదము విధ్వంసశక్తిలో మాత్రమే లేదు. కత్తియైనను ఫిరంగియైనను వాడినప్పుడు పనిచేయును; అణ్వస్త్రము వాడకుండినంతకాలము మాత్రమే పనిచేయును. నీవు కొట్టినచో నేనును కొట్టెదను, నీవు ఓర్వలేనంతగా కొట్టెదను, కావున కొట్టకుము అను ఈ తర్కమునకే అణు నిరోధమని పేరు. 1998 మే 11, 13 తేదీలలో పోఖ్రానులో జరిగిన పరీక్షల పిమ్మట మన దేశము ఈ మార్గమును బహిరంగముగా స్వీకరించినది. 2003 జనవరి 4న వెల్లడించిన సిద్ధాంతమున రెండు మాటలు పక్కపక్కనే యున్నవి: మనము ముందుగా ప్రయోగింపబోమనునది ఒకటి, మనపై ప్రయోగించిన శత్రువునకు భరింపరాని నష్టము కలిగించు మహాప్రతీకారము తప్పదనునది రెండవది. మొదటి మాటను తలచినప్పుడు నాకు గర్వము కలుగును. రెండవ మాట నన్ను చాలకాలముగా బాధించుచున్నది.

ఏలయనగా, ఆ రెండవ మాట ఫలించుటకు అది సత్యము కావలెను. బెదిరింపు బొంకేయని శత్రువు పసిగట్టినచో అది ఎవ్వనిని నిలువరింపజాలదు. సత్యమైనచో, ఏదో ఒకనాడు ఏదో ఒక నగరమున నిద్రించు శిశువులను, వారి తల్లులను, యుద్ధనిర్ణయముతో ఇసుమంతయు సంబంధములేని ఆసుపత్రి రోగులను దగ్ధము చేయుటకు మనము ఈనాడే మనసా సమ్మతించినట్లగును. చేయరాని పనిని చేసెదనని దృఢముగా సంకల్పించుటవలననే ఆ పని చేయవలసిన అగత్యము తప్పిపోవుచున్నదేని, ఆ సంకల్పమును ఏ ఖాతాలో వ్రాయవలెను? మన పెద్దలు కర్మను విచారించునప్పుడు కాయముతో చేసినదానిని, వాక్కుతో చేసినదానిని మాత్రమేకాక మనసుతో చేసినదానిని కూడ లెక్కలోనికి తీసికొనిరి. అస్త్రమును విడుచు ఆజ్ఞ ప్రధానమంత్రి అధ్యక్షతనున్న మండలిదే కావచ్చును. ఆ ఆజ్ఞకు వెనుకనున్న సమ్మతి, ఓటు వేసి వచ్చి ఇంటిలో కూర్చున్న నాది కూడ. ఈ భారము నాకు చెందదని చెప్పుకొనుటకు నాకు దారి కనబడలేదు.

అట్లని నేను నిరోధమును త్రోసిపుచ్చజాలను. చైనా 1964లోనే అణుపరీక్ష జరిపినది. పాకిస్తాను 1998 మే 28న జరిపినది. స్టాక్‌హోములోని శాంతి పరిశోధన సంస్థ అంచనా ప్రకారము 2025 జనవరి నాటికి లోకమున 12 వేలకు పైబడి అణ్వస్త్రములున్నవి. అందు పదింట తొమ్మిది పాళ్లు అమెరికా, రష్యాలవే. చైనావి 600, మనవి 180, పాకిస్తానువి 170 ప్రాంతమున నుండును. అణ్వస్త్రముల వ్యాప్తినిరోధ సంధి 1970 మార్చి 5న, అనగా మన జిల్లా ఒంగోలు జిల్లాయను పేరుతో ఏర్పడిన నెలదినములకు, అమలులోనికి వచ్చినది. ఐదు దేశములకే అణ్వస్త్రాధికారమును గుర్తించిన ఆ సంధి వచ్చిన తరువాతనే ఉత్తర కొరియా దానిలో చేరి, బయటికి వచ్చి, 2006లో బాంబును ప్రేల్చినది. ఇట్టి లోకమున ఒక్కడు ఆయుధమును క్రింద పెట్టినంతమాత్రమున పొరుగువాడు మెత్తబడునని నమ్ముటకు చరిత్ర నాకు చాలినంత ఆధారమీయలేదు. నేను చెప్పునది ఇంతియే: నిరోధమును శాంతియని పిలువరాదు.

ఈ భేదము గిద్దలూరు, కొమరోలు, రాచర్ల వైపు గ్రామములవారికి పుస్తకములు చదివినవారికన్న బాగుగా తెలియును. ఆ ఊళ్లనుండి సైన్యమున చేరినవారు అనేకులు. తండ్రి పనిచేసి వచ్చిన పటాలములోనికి కుమారుడు పోవుట అచ్చట వింత కాదు. పెద్దయుద్ధమును ఆపిన అస్త్రము చిన్నయుద్ధమును ఆపలేదని వారు ఎరుగుదురు. పోఖ్రాను పరీక్షలు జరిగి ఏడాది తిరుగకమునుపే కార్గిల్ కొండలపై పోరు మొదలైనది. మనవారు 527 మంది ప్రాణములు విడిచిరి. 2025 మేలో రెండు అణ్వస్త్రదేశములు నాలుగు దినములపాటు క్షిపణులతోను డ్రోన్లతోను తలపడినప్పుడు, అధీనరేఖపై జరిగిన కాల్పులలో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన అగ్నివీరుడు మురళీ నాయక్ నేలకొరిగినాడు. పైన అణ్వస్త్రము కాపలా యున్నది గావున పోరు హద్దు మీరదను ధైర్యము ఒక్కొక్కప్పుడు హద్దులోపలి పోరునకు ప్రోత్సాహమే యగుచున్నది. ఆ హద్దు ఎచ్చటనున్నదో ఇరుపక్షములవారికిని సరిగా తెలియకపోవుటయే ఇందలి ఘోరము.

ప్రతీకారభయముపై ఆధారపడుట ఇంత క్లేశకరమైనప్పుడు, వచ్చు అస్త్రమును నడుమనే పడగొట్టు కవచమును తొడుగుకొనరాదా అను ఆలోచన ఎవరికైనను కలుగును. శిశువులను కాల్చెదనని బెదిరించుటకన్న, నా శిశువులపై అగ్ని పడకుండ అడ్డుకొనెదననుట ధర్మమునకు ఎంతయో దగ్గరగా కనబడును. మన శాస్త్రజ్ఞులు, అందును హైదరాబాదు ప్రయోగశాలలలోనివారు, ఈ దిశగా సాధించినది స్వల్పము కాదు. 2006 నవంబరు 27న బంగాళాఖాతముపై దాదాపు 50 కిలోమీటర్ల ఎత్తున ఒక క్షిపణిని మరియొక క్షిపణితో ఢీకొట్టించిరి. 2007 డిసెంబరు 6న వాతావరణమునందే మరింత దిగువన అట్లే చేసిరి. 2022 నవంబరు 2న ఏడీ–1 అను రెండవ దశ క్షిపణిని ఎగురవేసిరి. తుపాకిగుండుకన్న ఎన్నోరెట్లు వేగముగా దిగివచ్చు వస్తువును ఆకాశమున వెదకి పట్టి తాకుట మానవబుద్ధికి దక్కిన మహావిజయమే.

ఐనను ఇచ్చట ఒక తేడాను గుర్తింపవలసియున్నది. 2025 మేలో ఆకాశ్ క్షిపణులును ఎస్–400 వ్యవస్థయు ఎదుర్కొన్నవి మామూలు మందుగుండుతో వచ్చిన డ్రోన్లు, క్షిపణులు. అట్టివి నూరు రాగా తొంబదింటిని కూల్చినవానిని విజేతయనవలెను; మిగిలిన పది గోడలను కూల్చును, కొందరిని చంపును, దేశము నిలుచును. అణ్వస్త్రములు నూరు రాగా తొంబదింటిని కూల్చినవానికి పది నగరములు మిగులవు. అనగా ఏ కొలతతో ఒక కవచము గొప్పదని మెచ్చుకొనుచున్నామో, ఆ కొలత రెండవదాని విషయమున చెల్లనేరదు. పైగా, వాతావరణమునకు వెలుపల గాలి అడ్డు లేదు గనుక, బరువైన వార్‌హెడ్డును, దానితోపాటు విడిచిన పలుచని బుడగయు ఒకే వేగమున సాగును. ఏది అస్త్రమో ఏది మాయయో కనిపెట్టుట కష్టము. మోసగించు బుడగ చౌక. దానిని వెంటాడు క్షిపణి మిక్కిలి ఖరీదు.

ఇది గ్రహించియే అమెరికా, సోవియట్ యూనియన్ 1972 మే 26న ఒక విచిత్రమైన ఒప్పందము చేసికొన్నవి. కవచములను రెండేసి చోట్లకు మించి నిర్మింపరాదని నిర్ణయించుకొని, రెండేండ్లకు ఆ రెండింటిని ఒక్కటిగా పరిమితము చేసికొన్నవి. శత్రువు దెబ్బకు తన ప్రజలను తెరచి యుంచుకొనుటయే క్షేమమని రెండు మహారాజ్యములు వ్రాతపూర్వకముగా అంగీకరించుట చదువరికి ఉన్మాదముగా తోచవచ్చును. కాని దాని లోపలి తర్కము గట్టిది. కవచము తొడిగినవాడు తాను ముందు కొట్టి, శత్రువు చేతిలో మిగిలిన కొద్దిపాటి అస్త్రములను కవచముతో ఆపుకొనవచ్చునని తలచును. తలపకున్నను, తలచుచున్నాడని శత్రువు భయపడును. ఆ భయము శత్రువుచేత మరిన్ని అస్త్రములను చేయించును. 2002 జూన్ 13న అమెరికా ఆ ఒప్పందమునుండి వైదొలగినది. 2018లో రష్యా అధ్యక్షుడు, కవచమునకు చిక్కని కొత్త అస్త్రములను లోకమునకు చూపుచు, ఆ వైదొలగుటనే కారణముగా పేర్కొనెను. ఒకే క్షిపణి పలు వార్‌హెడ్లను వేర్వేరు లక్ష్యములకు మోయు విద్యను మనవారును 2024 మార్చి 11న అగ్ని–5తో పరీక్షించిరి. ఆ ప్రయోగమునకు పెట్టిన పేరు దివ్యాస్త్ర.

దివ్యాస్త్రములను గూర్చి మనకు తిక్కన సోమయాజి తెనుగు చేసిన సౌప్తికపర్వమున ఒక కథ కలదు; దానిని ఎల్లరును ఎరుగుదురు, కాని అందలి ఒక అంశమును మాత్రము మనము చాలినంతగా గమనింపలేదని నాకు తోచును. రాత్రివేళ నిద్రించువారిని వధించిన అశ్వత్థామ, తనను తరుముకొని వచ్చిన పాండవులను చూచి బ్రహ్మశిరోనామకాస్త్రమును విడిచినాడు. ఏల విడిచితివని ఋషులు అడుగగా, భీమసేనుని వలని భయముచేత విడిచితినని అతడే ఒప్పుకొన్నాడు. భయమునుండి పుట్టిన అస్త్రమది. అర్జునుడు కూడ అట్టి అస్త్రమునే విడిచెను. కాని ఎవ్వరిని చంపుటకు కాదు, వచ్చిన అస్త్రమును శాంతింపజేయుటకు మాత్రమే. ఇప్పటి భాషలో చెప్పవలెనన్న, అర్జునునిది ఎదురు క్షిపణి. న్యాయము అతని పక్షమున నున్నది, ఉద్దేశము నిర్మలమైనది, నైపుణ్యము సంపూర్ణము. అట్లైనను వ్యాసనారదులు ఆ రెండు అగ్నుల నడుమ వచ్చి నిలిచి, ముందుగా అర్జునుని చేతనే అతని అస్త్రమును వెనుకకు తీయించిరి.

అందులకు కారణమును వ్యాసుడే చెప్పెను. బ్రహ్మశిరోస్త్రమును మరియొక మహాస్త్రముతో ఎచ్చట అణచివేయుదురో, ఆ దేశమున పన్నెండేండ్లు వాన కురియదు. అర్జునుడు సమర్థుడై యుండియు నీ అస్త్రమును తన అస్త్రముతో కూల్చకుండుట ప్రజలహితముకొరకే సుమా అని అశ్వత్థామతో పలికెను. కూల్చగలవాడు కూల్చకుండుట, గెలువగలవాడు గెలుపు వలన ఎండిపోవు పొలములను గూర్చి ఆలోచించుట! వానకై ఆకాశమువైపు చూచుటతోనే ఆయువు గడచిపోవు నేలపై పుట్టినవాడనగుటచేత కాబోలు, ఈ ఘట్టమును తలచినప్పుడెల్ల నా ఒడలు జలదరించును. అణుశాస్త్రము ఆ కవికి తెలియునని చెప్పు వెర్రి నాకు లేదు. కాని సరియైన భయము ఏదియో ఆయనకు తెలిసినది: యోధుల చావు గాక, యుద్ధముతో సంబంధములేని రైతు కంట పడు కరవు. 2007లో ప్రచురితములైన వాతావరణ అధ్యయనములలో అమెరికా శాస్త్రజ్ఞులు, భారత పాకిస్తానులు హిరోషిమాపై పడినంతటి బాంబులు నూరు ప్రయోగించుకొన్నచో, కాలిన నగరముల మసి మేఘములను దాటి పైకెక్కి సూర్యకాంతిని అడ్డగించి, భూగోళము చల్లబడి, ఆసియా ఋతుపవనములు క్షీణించునని లెక్కవేసిరి. మసి ఎంత పైకి చేరునన్న విషయమున పండితులలో వాదములున్నవి. వాదములు తీరువరకు వేచియుండుటకు వాన కరవైన మండలములకు తీరికలేదు.

అర్జునుడు తన అస్త్రమును ఉపసంహరింపగలిగెను. అశ్వత్థామకు అది చేతకాలేదు. ప్రయోగమున ఇద్దరును సమానులే. కథ వారిద్దరిని వేరుచేసినది విడుచుటలోని నేర్పుతో కాదు, మరల్చుటలోని నేర్పుతో. అశ్వత్థామ అస్త్రము పోయి ఉత్తర గర్భమున, ఇంకను పుట్టని శిశువుపై పడినది. మన కాలపు బాలిస్టిక్ క్షిపణిని, విడిచిన పిమ్మట వెనుకకు పిలుచు విద్య ఏ దేశమునను లేదు. కావున మనకు ఉపసంహారము విడుచుటకు ముందే జరిగి తీరవలెను. అది యంత్రమున కాక మనుష్యులలోను, వారు చేసికొన్న కట్టుబాట్లలోను ఉండవలెను. దక్షిణాఫ్రికా ఆరు అణుబాంబులను నిర్మించి, తన చేతులతోనే విడదీసి, 1993లో ఆ సంగతిని లోకమునకు చాటినది. 1983 సెప్టెంబరు 26 రాత్రి, అమెరికా క్షిపణులు వచ్చుచున్నవని సోవియట్ ఉపగ్రహవ్యవస్థ హెచ్చరించినప్పుడు, విధిలోనున్న స్టానిస్లావ్ పెత్రోవ్ అను అధికారి యంత్రము మాటను నమ్మక, అది తప్పుడు హెచ్చరికయని పైవారికి తెలిపెను. మేఘములపై మెరసిన సూర్యకాంతియే ఆ యంత్రమును భ్రమపెట్టినదని తరువాత తేలినది. అతనికి ఆలోచించుటకు నిమిషములు మాత్రమే చిక్కినవి. ఢిల్లీకిని ఇస్లామాబాదునకును నడుమ ఆ నిమిషములు కూడ అరుదు.

కంభము చెరువు కట్ట రెండు కొండల నడుమ గుండ్లకమ్మను అడ్డగించి, విజయనగరరాజుల కాలమునుండి నేటివరకు నిలిచియున్నది. ఆ కట్టను చూడవచ్చినవారు దాని ఎత్తును మెచ్చుకొందురు. ఆయకట్టు రైతులు అలుగును చూతురు. మిగులు నీటికి దారి చూపు అలుగు లేనిచో, ఎంత గట్టి కట్టయైనను ఒకనాటి వరదకు తెగును. నిరోధము కట్ట వంటిది; దానిని ఎత్తుచేయుటకు మనకు ధనమున్నది, బుద్ధియున్నది, ఇప్పుడు దొనకొండలో స్థలమును ఉన్నది. అలుగు సంగతి ఏమైనది? ఒకరి అణుకేంద్రములపై ఒకరు దాడి చేయబోమని భారత పాకిస్తానులు 1988 డిసెంబరు 31న సంతకములు చేసినవి. 1992 నుండి ప్రతి జనవరి 1న ఆ కేంద్రముల జాబితాలను ఇచ్చిపుచ్చుకొనుచున్నవి. కార్గిల్ జరిగినను, పుల్వామా జరిగినను ఆ పని ఆగలేదు. పత్రికలలో నాలుగు పంక్తులకు మించి చోటు దక్కని ఆ కాగితములు నాకు ఏ క్షిపణి పరీక్షకన్న తక్కువ గౌరవనీయములు కావు. బాలిస్టిక్ క్షిపణిని పరీక్షించుటకు ముందు పొరుగువారికి తెలియజేయవలెనను ఒప్పందము 2005 అక్టోబరు 3న కుదిరినది.

ఆ ఒప్పందమున క్రూయిజ్ క్షిపణులు చేరలేదు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి, పాకిస్తానులోని మియాన్ చన్నూ చెంత పడినది. దానిలో పేలుడు సామగ్రి లేదు, ప్రాణములు పోలేదు, మన ప్రభుత్వము పొరపాటును ఒప్పుకొని విచారణ జరిపి అధికారులను తొలగించినది. ఆ దినమున అవతలివారు తొందరపడకుండుట మన అదృష్టము, వారి వివేకము. అట్టి పొరపాటు మరల జరిగినచో నిమిషములలో ఒకరికొకరు తెలుపుకొనుటకు ప్రత్యేకమైన ఏర్పాటును, క్రూయిజ్ క్షిపణుల పరీక్షలకు ముందస్తు సమాచారమును ఆ 2005 నాటి ఒప్పందమున చేర్చవలెనని కోరుటకు అణుశాస్త్రము చదివియుండ నక్కరలేదు. క్షిపణి ఇంధనమును తమ చేతులతో కలుపబోవు ఊరివారికి ఆ కోరిక కోరుటకు ఢిల్లీలోని పండితులకున్నంత హక్కు కలదు. దర్శి శాసనసభ్యునికిని, ఒంగోలు పార్లమెంటు సభ్యునికిని కర్మాగారమున ఉద్యోగములకై మనము వ్రాయు అర్జీలలో, వెలిగొండ నీటికై వ్రాయు అర్జీలలో, ఈ కోరికను కూడ చేర్చి పంపుదము.